తెర నల్లబడిన ఆదివారాలు

జబ్బుతో విశాఖపట్నంలో ఇల్లు కదలలేకపోయిన రెండేళ్లూ, స్నేహితురాలి పెద్దమ్మ సుగుణమ్మగారు పులివెందుల నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నాకోసం ప్రార్థన చేసేవారు. మొదలుపెట్టగానే తెర నల్లబడేది. పెద్దావిడకు ఫోన్ పట్టుకోవడం రాదనుకుని, ఆ కాసేపూ వేరే మెసేజీలు చూసుకునేదాన్ని.

నయమయ్యాక మొన్న వాళ్లింటికి వెళ్లాను. చీనీకాయల రసం ఇచ్చి, "ఈడ కూసోమ్మా" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కళ్లు మూసుకుని, నా నెత్తి మీద గరుకు అరచెయ్యి ఆనించి ప్రార్థన చేశారు.

అయ్యాక అడిగాను, "ఫోన్‌లో కూడా ఇలాగే చెయ్యి పెట్టేవారా?"

"మరి యాడ పెడతామ్మా? ఫోన్లో కనపడే నీ నెత్తి మీదనే పెడతాంటి. అద్దం సల్లగా తగుల్తాండె. నెత్తి ఇంత ఎచ్చగుంటాదని ఈ పొద్దే తెలిసె."

ఆ మెసేజీల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.