నేను నమ్మని మాట

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. ఆదోనిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. అంబులెన్సు కూత వినబడని గంట ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఆటోలో ఒకామెను తెచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతులు తువ్వాలుతో కట్టేసి ఉన్నాయి. బొట్టు తనే చెరిపేసుకుందట, గాజులూ తనే పగలగొట్టుకుందట. ముంజేతుల మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

"మా తమ్ముని పెండ్లామమ్మా," అన్నాడు వెంట వచ్చినాయన. "మా తమ్ముడు కరోనాతో కర్నూల్లో ఉండాడు. బాగనే ఉండాడు. ఈయమ్మేమో సచ్చిపోయినాడని మూడు దినాలుగా తిండి లేదు, నిద్ర లేదు. పొద్దున బావి కాడికి పోతాంటే పట్టుకున్నాము."

ఆయన వెనకాల ఆమె అన్న నిలబడి ఉన్నాడు, తుగ్గలి నుంచి వచ్చాడట. తల ఎత్తలేదు.

మానసిక వైద్యుడు మా దగ్గర లేడు. కర్నూలుకు పంపుదామంటే కరోనా రిపోర్టు లేకుండా చేర్చుకోం అన్నారు. రిపోర్టు వచ్చేదాకా ఆమెను విడిగా ఒక గదిలో ఉంచి, అక్కడి డాక్టరు ఫోన్లో చెప్పిన మందులివ్వాలి. కేస్ షీటు నేనే రాశాను: భర్త చనిపోయాడని భ్రమ.

ఆ గదిలోకి పోవాలంటే నాకే భయం. ఒంటినిండా ప్లాస్టిక్ సూటు, కళ్లద్దాల నిండా ఆవిరి. ఆమె కదలకుండా గోడనే చూస్తూ కూర్చునేది. నేను కనబడితే ఒకటే మాట.

"సిస్టరమ్మా, ఆయప్ప లేడు. నువ్వన్నా నిజం సెప్పు."

"ఉండాడంటే వినవేం తల్లీ! రెండు దినాల్లో ఇంటికొస్తాడు," అనేదాన్ని. రెండు దినాలని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది, అనేశాను. ఆమె గొంతు పెంచితే ఇద్దరు నర్సులం అదిమి పట్టుకుని సూది వేసేవాళ్లం.

మర్నాడు పొద్దున, మందుమత్తులో నాలుక మడతపడుతుంటే, కొత్తమాట ఒకటి చెప్పింది. "మాయన్న చీర తెచ్చినాడు. సంచిలో దాసిపెట్టింటే నేను సూసినా."

"అన్న చీర తెస్తే ఏడ్చేదాన్ని నిన్నే చూసినా!" అని ఎకసెక్కమాడాను.

"మాది మగ్గమున్న ఇల్లు సిస్టరమ్మా. చీరలు నేసే ఇంటికి, ఈ కర్ఫ్యూలో, పోలీసోళ్లతో దెబ్బలు తిని యాడన్నా చీర తెస్తారా?"

సెలైన్ సరిచేసి బయటికొచ్చాను. చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. మా నాయన పోయినప్పుడు మా మేనమామ కూడా అమ్మకు చీర తెచ్చాడు. మొగుడు పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. ఎంత బీదవాళ్లయినా అప్పోసప్పో చేసి తెస్తారు. ఆ అన్న చావునైతే దాచగలిగాడు, చీర లేకుండా మాత్రం రాలేకపోయాడు. ఇది తెలియడానికి డాక్టరు కావాలా? ఈ నేల మీద పుట్టినదాన్ని, నాకే తట్టలేదు.

వరండాలో కూర్చున్న అన్నను నిలదీశాను. "నిజం చెప్పన్నా. మీ చెల్లెలి మొగుడు ఉండాడా?"

మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "వారమాయె సిస్టర్. శవం గూడా ఇయ్యలేదు. సెప్తే ఇదీ సచ్చిపోతాదని భయపడి, ఎవురూ నోరు తెరవగూడదని ఇంట్లో అందరం ఒట్టేసుకున్నాము."

"థూ, మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అరిచాను. అరవాల్సింది నా మీద నేనే. కర్నూలు ఆసుపత్రికి ఒక్క ఫోను కొట్టి కనుక్కుని ఉంటే ముందురోజే తెలిసిపోయేది.

కర్నూలు డాక్టరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆమెకు చెప్పేయండి. అన్నను పక్కన ఉంచండి. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు," అన్నారు.

అన్నకు కూడా ఒక సూటు తొడిగించి లోపలికి తీసుకుపోయాను. మంచం మీద ఆమె పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను. నా చేతికి రెండు తొడుగులున్నాయి.

"నువ్వు చెప్పిందే నిజం తల్లీ. ఆయప్ప పోయినాడు."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పక్కన అన్న కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే అటు చూడనైనా లేదు. నా కళ్లద్దాల్లోకే చూస్తూ, చిన్నగా అడిగింది.

"మరి నాకు సూదులెందుకు ఏసినారు సిస్టరమ్మా?"