సరస్సు ఒడ్డున బంతిపూలు

దుబాయ్‌లో నేను పిల్లల్ని చూసుకునే ఇంటి మేడమ్‌ది మెక్సికో. కరోనా తగ్గాక, సరస్సు ఒడ్డునున్న తన పుట్టింటి ఊరికి నన్నూ తీసుకెళ్లింది. ఆ రోజు అక్కడ చనిపోయినవాళ్ల పండుగ. ఊరంతా బంతిపూలు పట్టుకుని సమాధుల దగ్గరికి కదిలింది. మేడమ్ తల్లి నా చేతిలోనూ కొన్ని పెట్టింది.

"మీవాళ్లకి పెట్టమంటోంది," అంది మేడమ్.

మా ఆయన మా ఊళ్లో కరోనాలోనే పోయాడు. విమానాలు లేక నేను వెళ్లలేకపోయాను. ఆసుపత్రివాళ్లు ఎక్కడ పూడ్చారో మావాళ్లకే తెలియదు.

ఆ మాట చెబితే, ముసలావిడ తన భర్త సమాధి మీద కాస్త చోటు చూపించింది. పూలు అక్కడ పెట్టి, ఆయన పోయాక మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను.

దుబాయ్ తిరిగొచ్చి ఫోన్‌లో మా అత్తకి చెప్పాను.

"ఎవరిదో గోరీ మీద ఎట్టొచ్చావా? నా కొడుక్కి ఆయనెవరో తెలుసునేంటే?" అంది.