ఎడమచేతి బ్యాండు

రేణిగుంట గోడౌనులో మూటలు మోసే విజయ్ కుమార్‌కు మాట్లాడుతూనే మెడనరం మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకోవడం అలవాటైపోయింది. కానిస్టేబుల్ ఎంపిక పరుగులో నెగ్గితేనే ఆ మూటల కిందనుంచి బయటపడేది. మొన్న పరిగెత్తుతూ కళ్లు తిరిగి పడ్డాక, గుండె వేగం నూటయాభై దాటితే పరుగు మానేస్తానని గంగమ్మ తల్లి మీద భార్య కోమలి ఒట్టు వేయించుకుంది. గుండె వేగం చూపే చవక బ్యాండు కోసం తిరుపతి అంగడికొచ్చి, రెండు చేతులకూ రెండు రకాలు కట్టుకుని, చెవులు పట్టుకుని గుంజీళ్లు తీశాడు. కుడిచేతిది నూటడెబ్భై చూపింది. ఎడమచేతిది తొంభై.

"ఏందప్పా, వినాయకుడి గుడనుకుంటివా?" అంగడాయన నవ్వాడు. "కుడిదే కరెక్టు. ఎడమది కొయ్యకు కట్టినా కొట్టుకుంటాది."

విజయ్ మెడనరం తాకి చూసుకుని, కుడిచేతిది విప్పి బల్లమీద పెట్టాడు.

"ఎడమదే ఇయ్యన్నా," అన్నాడు ఆయాసం అణుచుకుంటూ. "ఇంట్లో సూపించాల."