సివిక్స్ పాఠానికి ముందు వంతు

ఈ కబురు నా దగ్గరికి మొదట తెచ్చింది మా తోటికోడలు సుజాత. మామ దహనమైన మరునాటి ఉదయం, ఆయన గదిలో పెట్టిన దీపంలో నూనె పోయడానికి వెళ్లింది. నూనె గిన్నె చేతిలో అట్లాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"అక్కా, నీ కంప్యూటర్ నడుస్తుంది. నువ్వుగిన ముట్టినవా?"

నేను ముట్టలేదు. ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. పొద్దున దీపం పెట్టి, నిన్నటి రోజు గడిపినందుకు దండం పెట్టుకోవడం నా అలవాటు. దయ్యాల మీద మాత్రం ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం పక్క పొలంలో ఒంటరిగా కలుపు తీసిన మనిషిని నేను. ఇప్పుడు రాసేది ఎవరినీ భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్పి, నా వల్ల తేలనిదాన్ని మీ ముందు పెడుతున్నాను.

మాది కొత్వాల్‌గూడ. విమానాలు మా ఇంటి మీదుగానే దిగుతాయి. మాకు అలవాటైపోయింది. విమానం వచ్చినప్పుడు మాట ఆపి, పోయాక అక్కడి నుంచే మళ్లీ అందుకుంటాం. కొత్తగా వచ్చిన చుట్టాలు అది చూసి నవ్వుతారు.

నేను బడి మెట్టు ఎక్కలేదు. పెళ్లయి వచ్చాక నాకు అక్షరాలు నేర్పింది మా మామ బాలయ్య. పలక కొనలేదు. వాకిట్లో బండ మీద సుద్దతో రాసి దిద్దించేవారు. తర్వాత రోజూ పేపరు చదివించుకునేవారు. తప్పు చదివితే కోప్పడేవారు కాదు. "మల్ల చదువు బిడ్డా, నాకు సరిగ వినవడలే" అనేవారు. ఆయన చెవులు బాగానే పనిచేసేవని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

మా ఆడబిడ్డ కూతురు భవానికి పుట్టుకతో చూపు లేదు. నగరంలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివేది. వాళ్ల ఊరు కందుకూరు. దాని పుస్తకాలు చదివి వినిపించేవారు లేక, సివిక్స్ ఒకసారి తప్పింది. కాలేజీ పెట్టే పరీక్షలో మళ్లీ తప్పితే బోర్డు పరీక్షకు కూర్చోనివ్వబోమన్నారు. వాళ్ల నాయన అంతకంటే ముందే తేల్చేశాడు. ఈసారి తప్పితే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతానన్నాడు.

అప్పుడు మామ నన్ను పిలిచి ఒక్క మాటే అడిగారు. "నాకు పేపరు చదువుతవు గద. గా పిల్లకు పుస్తకం చదవలేవా?"

అట్లా మొదలైంది. మా మరిది రమేష్ శంషాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. పాతది ఒకటి తెచ్చి, మైకు పెట్టి, మామ గదిలో అమర్చాడు. ఇల్లంతా సిమెంటుదే కానీ ఆ ఒక్క గదికి ఇంకా పాత మట్టి గోడలే ఉన్నాయి. విమానాల మోత అక్కడ కొంచెం తక్కువ. నేను పాఠం చదువుతుంటే మామ మంచం మీద కదలకుండా పడుకునేవారు. దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు.

ఎంత చేసినా మోత రికార్డులో పడేది. ఆ చప్పుడు తీసేసే ప్రోగ్రాం ఒకటి రమేష్ వేశాడు. అది మొదలుపెడితే చాలు, కంప్యూటర్ బిగుసుకుపోయేది. ఒక్క పాఠం శుభ్రం కావడానికి పూట పట్టేది. ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోయేది.

రమేష్ వచ్చి చూసి, "వదినా, గిది ముసలి కంప్యూటర్. దీన్ని ఉరికించకు, మెల్లగ నడిపించు" అన్నాడు.

"నన్నంటున్నవా, దాన్నంటున్నవా?" అని మంచం మీద నుంచి మామ.

ఆ రోజే రమేష్ నాకు టాస్క్ మేనేజర్ చూపించాడు. కంప్యూటర్‌లో ఆ సమయానికి నడుస్తున్న పనులన్నీ అందులో పేర్లతో వరుసగా కనిపిస్తాయి. ఒక పేరు మీద మౌసు కుడి బటన్ నొక్కితే ప్రయారిటీ అని వస్తుంది. మామూలుగా అన్నీ నార్మల్‌లో ఉంటాయి. దేన్నయినా హై చేస్తే కంప్యూటర్ ముందు దాని పని చూసి, తర్వాత మిగతావాటి దగ్గరికి పోతుంది.

నేను ఏం చేశానో చెబితే ఇప్పటికీ రమేష్ నవ్వుతాడు. కంప్యూటర్ మార్చనిచ్చిన పేర్లన్నింటినీ ఒక్కొక్కటిగా హై చేశాను. పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఒకరికి వడ్డించి పక్కవాళ్లను వదిలేయడం నా చేత కాదు. కంప్యూటర్ మునుపటికంటే మొండికేసింది.

మామ అంతా విని లేచి కూర్చున్నారు. "బంతిల అందరికి సమానంగనే పెట్టాలె బిడ్డా. నీళ్ల కాడ గట్ల కాదు. ఏది ఎండుతుందో చూసి దానికి ముందు ఇడవాలె. తక్కినోళ్లను జర ఆగుమనాలె."

మా కుటుంబంలో అన్నదమ్ములందరికీ కలిపి ఒకే బావి ఉండేది. ఎవరి వంతు వారిదే. కానీ ఎవరి నారుమడైనా ఎండుతుంటే, వంతు కాకపోయినా మామ అటు గండి కొట్టి, ఆ గట్టు మీద వేప రెమ్మ గుచ్చేవారు. రెమ్మ ఉన్నంతసేపు ఆ గండిని ఎవరూ ముట్టేవారు కాదు. తనకు ఎదురు మాట్లాడేవాళ్లు కూడా రెమ్మకు ఎదురుపోయేవారు కాదు.

అప్పటి నుంచి ఆయన చెప్పినట్టే చేశాను. చప్పుడు తీసే ప్రోగ్రాం ఒక్కదానికి హై. మార్చనిచ్చిన మిగతావాటికి నార్మల్ కంటే కింది మెట్టు. పాఠం సాఫీగా వచ్చింది. మామ రోజూ అడిగేవారు, "రెమ్మ గుచ్చినవా?" అని.

ఒక్క చిక్కు ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే అన్నీ నార్మల్‌కు వచ్చేస్తాయి. ప్రతిసారీ మళ్లీ చేత్తో పెట్టుకోవాల్సిందే. ఇది గుర్తుంచుకోండి.

పరీక్షలు దగ్గరపడ్డాయి. హిస్టరీ ముందు, సివిక్స్ చివర అని భవాని చెప్పింది. అందుకని అన్నీ చదివి రికార్డు చేసి పెట్టి, హిస్టరీ శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఆ ఉదయమే మామకు ఆయాసం ఎక్కువైంది. కంప్యూటర్‌ను అట్లాగే వదిలేసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. దారిలో నా చెయ్యి పట్టుకున్నారు.

"భవానిది అయ్యిందా?"

"అయితది మామా. హిస్టరీ పెట్టి వచ్చిన."

"ఎండేది చూడు" అన్నారు. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. సాయంత్రానికి పోయారు.

మరునాడు పొద్దున చాలాసేపు కరెంటు పోయింది. ఇది అందరికీ గుర్తుంది. మామను పడుకోబెట్టిన ఐసు పెట్టె ఆగిపోయి, జనరేటర్ కోసం మనుషులు పరుగెత్తారు. మా కంప్యూటర్‌కు బ్యాటరీ లేదు. ఆ పొద్దున అది ఆగిపోయి తీరాలి. మధ్యాహ్నం మామను తీసుకుపోయే ముందు కరెంటు వచ్చింది.

మా ఆయన, రమేష్ ఇద్దరూ శవం వెంట వెళ్లారు. పిల్లలను పక్కింటికి పంపాం. సుజాత, నేను ఇల్లు కడిగి స్నానాలు చేశాం. గదిలో దీపం ఆరకుండా, మామ అక్క, మేం పెద్దత్త అని పిలిచే ఆవిడ, గడప దగ్గర కూర్చుంది. భవాని కూడా వచ్చింది. తాత పాదాలు తడిమి చూసి, వాకిట్లో వాళ్లమ్మ పక్కనే కూర్చుని ఏడ్చి, సాయంత్రం వాళ్ల నాయనతో హాస్టల్‌కు వెళ్లిపోయింది.

ఆ మరునాడు సుజాత వచ్చి చెప్పిన మాటే పైన రాశాను.

నేను వెళ్లి చూశాను. తెర వెలుగుతోంది. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంది. చప్పుడు తీసే ప్రోగ్రాం హైలో ఉంది. మిగతావన్నీ కింది మెట్టులో ఉన్నాయి. హిస్టరీ సగంలో ఆగినది ఆగినట్టే ఉంది. సివిక్స్ మాత్రం మొదటి పాఠం నుంచి చివరిదాకా శుభ్రమై, సేవ్ అయి ఉంది. ఏ ఫైలు ఎప్పుడు తయారైందో కంప్యూటరే రాసి పెడుతుంది. మొదటిది, శవం వెంట వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాని వేళకు తయారైంది.

సివిక్స్ ఎందుకు, అనుకున్నాను. అది చివరి పరీక్ష కదా.

సాయంత్రం భవాని ఫోన్ చేసింది. "అత్తమ్మా, పరీక్షల వరుస మార్చిన్రు. ఎల్లుండి సివిక్సే. ఇయ్యాల పొద్దుగాల హాస్టల్‌కు వచ్చి చెప్పిన్రట, నాకు ఇప్పుడు తెలిసింది. నీ దగ్గర ఏమన్న అయ్యిందా?"

"అయ్యింది బిడ్డా. అంతా అయ్యింది. పంపుతున్న" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చోబోతే పెద్దత్త అడ్డం పడింది. "మైల దినాల్ల గిదేం పని? నలుగురు చూస్తే ఏమంటరు?"

"మామ అడిగిన పనే పెద్దత్తా. ఇగ నేను ఆగ."

ఆవిడ నన్ను చూసి, దీపాన్ని చూసి, పక్కకు జరిగింది. నేను పంపాను. తర్వాతి రోజుల్లో వచ్చేపోయేవాళ్ల మధ్యే కూర్చుని, హిస్టరీ, మిగతావి కూడా ఒక్కొక్కటిగా చేసి పంపాను. ఎవరేమన్నా లేవలేదు. కర్మ రోజు వంట కూడా నేనే చేశాను. రెండూ ఆయన పనులే అనుకున్నాను.

భవాని గట్టెక్కింది. బోర్డు పరీక్ష కూడా పాసై ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సివిక్స్‌లో ఒకచోట తాత దగ్గు అట్లాగే ఉండిపోయిందట. "గది తీసెయ్యకు అత్తమ్మా" అన్నది. తీయలేదు.

నేను ఊరికే వదిలిపెట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్లందరినీ అడిగాను. పిల్లలను లడ్డూలు పెట్టి మరీ అడిగాను. ఎవరూ గదిలోకి పోలేదు. పెద్దత్త అయితే కోపం చేసింది. "నేను కూసున్న కాడికెల్లి లేస్తె గద. లోపల్కెల్లి ఫ్యాను చప్పుడు అయితే ఇనొచ్చింది. కరెంటు వచ్చె గద అనుకున్న."

కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు కొన్ని కంప్యూటర్లలో ఉంటుందని రమేష్ చెప్పాడు. విప్పి చూశాడు. మా దానిలో ఆ ఏర్పాటు వేసి లేదు. ఉన్నా కూడా ప్రోగ్రాం ఎవరు తెరిచారు, సివిక్స్ ఎవరు ఎంచారు అని రమేష్‌ను అడిగాను. "నువ్వే దుఃఖంల చేసి మర్చిపోయినవేమో వదినా" అన్నాడు. కావచ్చునేమోనని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కానీ ఆ మధ్యాహ్నం నేను సుజాత పక్కనే ఉన్నాను. చేతిలో చీపురు ఉంది.

ఆ తర్వాత కావాలని హై పెట్టి, కరెంటు తీసి, మళ్లీ వేసి చూశాను. చాలాసార్లు చూశాను. ప్రతిసారీ అన్నీ నార్మల్‌కు వచ్చి కూర్చున్నాయి. ఆ ఒక్కసారి ఎట్లా నిలిచిందో, పరీక్ష మారిన సంగతి మాకెవరికీ తెలియకముందే ఆ పాఠానికి ముందు వంతు ఎవరిచ్చారో, ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసని చెబితే అబద్ధమవుతుంది.

ఇప్పుడు మరికొందరు పిల్లలకు కూడా చదువుతున్నాను. రోజూ కంప్యూటర్ పెట్టగానే ఆ పేరు వెతికి హై చేసి, ఆయన మంచం వైపు చూసి, "గుచ్చిన మామా" అంటాను.

దీన్ని మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. ఒక్కటే అడుగుతాను. దీన్ని చదవగలిగారంటే, మీకూ ఎవరో ఒకరు అక్షరాలు దిద్దించి ఉంటారు. వాళ్లను తలుచుకునేటప్పుడు, బండ మీద సుద్దతో నాకు అక్షరాలు నేర్పిన మా మామ బాలయ్యను కూడా ఒక్కసారి తలుచుకోండి.