వరంగల్‌కు ఒంటరిగా పోయిన కవరు

తినే అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు; నా ఒట్లు వాళ్లకు అలవాటే.

మొన్న ఖమ్మం నుంచి వరంగల్ బయలుదేరాను. మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు సీలు వేసిన కవరులో వచ్చింది. దాన్ని వరంగల్‌లో పెద్ద డాక్టరు చూసి, అది ఏ గడ్డో చెప్పాలి. ఆయన మధ్యాహ్నం రెండింటి వరకే ఉంటాడు.

తొర్రూరులో బస్సు మారాలి. వరంగల్ బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి సీట్ల మీద తువ్వాళ్లు వేశారు. మా దగ్గర తువ్వాల పడిందంటే ఆ సీటు రిజిస్ట్రీ అయినట్టే. నా తువ్వాలేమో గడ్డను కప్పుతూ మెడ చుట్టూ ఉంది. తీయబుద్ధి కాలేదు. చేతిలో ఉన్న కవరునే సీటు మీదికి విసిరి, చాయ్ హోటల్‌కు పోయాను. బస్సుకు వీపు పెట్టి కూర్చున్నాను. తిరిగి చూసేసరికి బస్సు లేదు.

హోటల్ అక్కకు చెప్పాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది.

"కవరేసినవా? మరి మెడకున్న తువ్వాలేం జేస్తాంది?"

"జర సలి పెడ్తాందక్కా."

"గింత ఎండల సలేందన్నా! నడు, కంట్రోలర్‌కు చెప్పుదాం."

కంట్రోలరు కండక్టరుకు ఫోన్ చేసి నవ్వాడు. "పరేషాన్ గాకన్నా. నీ కవరు కిటికీ పక్కన మంచిగ కూసోని పోతాంది. మనుషులు నిలవడ్డరు గని దాన్ని ఎవ్వరు లేపలే. తిరుగు బస్సుల వస్తది."

ఇన్నేళ్లూ ఆ ఊరిని బస్సులోంచే చూశాను. ఇప్పుడు బజారులోకి నడిచాను. మిర్చి బస్తాలు దించుతున్నారు. ఆ చివర సేటు తుమ్మాడు. అక్కణ్ణుంచి దుకాణానికో తుమ్ము చొప్పున వరసగా నా దాకా వచ్చింది; నా వంతు నేనూ తుమ్మాను. ఎరువుల దుకాణమాయన కుర్చీని నీడలోకి జరిపి, "కూసో అన్నా," అని తన పనిలో పడ్డాడు. ఏ ఊరని అడగలేదు, ఏం పనని అడగలేదు. ఎదురుగా టైలరు బడి పిల్లల చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. ఇక్కడే ఒక గది తీసుకుని, రోజూ ఈ కుర్చీలో కూర్చుంటే? ఈ ఊళ్లో నాకు గడ్డ ఉందని ఎవరికీ తెలియదు. అలా అనుకుంటూనే చెయ్యి తువ్వాల కిందికి పోయింది. అది అక్కడే ఉంది. టైము రెండు దాటింది.

మూడున్నరకు కవరు వచ్చింది. సీలు అట్లాగే ఉంది.

"నీకన్న గిదే నయమన్నా. లొల్లి లేకుంట పోయొచ్చింది," అన్నాడు కండక్టరు.

ఖమ్మం బస్సెక్కాను. బస్సు తప్పిపోయిందని ఇంట్లో చెప్పాను. నా భార్య కవరు తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

"రేపు నేను సుత వస్త," అంది.

ఇక ఒప్పుకోవాలి. తుమ్ములు నిజమే, ఒకటి రెండు ఎక్కువ పడి ఉంటాయి, అంతే. బస్సుకు వీపు పెట్టి కూర్చున్నానన్నదే కల్పన. ఎదురుగానే కూర్చున్నాను. కండక్టరు "రైట్, రైట్" అనడం విన్నాను. గ్లాసులో చాయ్ సగం కూడా కాలేదు. పరిగెత్తితే అందేది.

"అన్నా, నీ బస్సు పోతాంది," అంది హోటల్ అక్క.

"నాది గది కాదక్కా," అన్నాను.