హెలెన్ విడగొట్టిన తెర

ఊళ్ళు తిరగడం నాకు జబ్బు. తెనాలిలో దిగితే మకాం యాకోబు ఇంట్లోనే. యాకోబు రిటైరైన లెక్కల మాస్టారు. షుగరు వల్ల చూపు దాదాపు పోయింది. అయినా ప్రతి శనివారం ఒంటరిగా బస్సెక్కి రేపల్లె వెళ్ళి, అక్కడి చర్చిలో పిల్లలకు పాటలు నేర్పి వస్తాడు. ఆ ధైర్యం ఆయన కూతురు హెలెన్ ఇచ్చింది.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివిన హెలెన్ ఇంట్లోనే కూర్చుని ఫోన్ యాప్‌లు రాస్తుంది. తండ్రి కోసం ఒకటి చేసింది. ఫోన్‌ను బస్సు బోర్డు వైపు పెడితే ఊరి పేరు పైకి చదువుతుంది. సంగతి తెలిసి చూపు తగ్గినవాళ్ళు బాపట్ల నుంచీ, రేపల్లె పక్కనున్న నగరం అనే ఊరి నుంచీ ఫోన్లు చేశారు.

"అక్షరాలు ఇంకా పెద్దవి కావాలమ్మా."

"ఎండలో కనపడట్లేదు తల్లీ, రంగు మార్చవా?"

కాదనడం ఆ పిల్లకు రాదు. అడిగినవన్నీ ఒకే తెరలో, ఒకదాని కడుపులో ఒకటిగా కుక్కుతూ పోయింది.

ఈసారి నేను వెళ్ళేసరికి ఇల్లు ముభావంగా ఉంది. ఫోన్‌లో కొత్త అప్‌డేట్ వచ్చాక యాప్ తెరుచుకోవడం మానేసింది. ఎవరినీ అడగడం ఇష్టంలేని యాకోబు అంచనా మీద బస్సెక్కి, రేపల్లెకు ఎదురు దిక్కున ఉన్న దుగ్గిరాలలో తేలాడు. కొడుకు జాన్ బాబు తేల్చేశాడు: "రేపు శనివారం. అప్పటికి అది పనిచేస్తే సరే. లేకపోతే నాన్న ఒక్కడే వెళ్ళడం ఇంక కుదరదు."

హెలెన్ సరిచేసింది గానీ కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు. రాసినదాన్ని అది ఫోన్‌కు అర్థమయ్యేలా మార్చాలి, కంపైల్ అంటారట. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది, కాఫీ చల్లారింది. చివరికి, ఇంత పొడుగుది నావల్ల కాదు, విడగొట్టి ఇవ్వమని ఎర్రక్షరాల్లో చెప్పింది.

"పాపం, దానికి విసుగొచ్చినట్టుందే" అన్నాను.

"దాని తప్పేం లేదు బాబాయ్. ఏది అంకె, ఏది మాట అన్నది నేను చెప్పకుండా దాన్నే ఊహించుకోమన్నాను. ఒకటీ రెండూ అయితే సరే. ఇన్ని కలిపితే, ఇది ఇలా అయితే అది ఎలా ఉండాలని అన్ని వరసలూ తిప్పి చూసుకుంటోంది."

ఒక్కో భాగాన్నీ పక్కకు తీసి నడిపింది. అక్షరాలు తీసింది, కదల్లేదు. రంగు తీసింది, కదల్లేదు. ఇంకొకటి తీయగానే చటుక్కున పూర్తయింది. నావైపు తిరిగి నవ్వింది.

"ఇది అడిగింది మీరే! ఊరు, దారి, దూరం, పట్టే టైము, అన్నీ ఒకే వాక్యంలో చెప్పాలని పట్టుబట్టారు."

యాకోబు మంచం మీద నుంచే అందుకున్నాడు. "వీడి వాక్యానికి ఫుల్‌స్టాప్ ఉండదని కాలేజీ రోజుల్నుంచీ మొత్తుకుంటున్నా. మనుషులం భరించాం. దానికేం ఖర్మ?"

"తీసెయ్యమ్మా" అన్నాను.

"ఎందుకు బాబాయ్, బాగుందిగా!"

ఊరికి ఒక చిన్న ముక్క, దారికి ఒకటి, దూరానికి ఒకటి, టైముకు ఒకటి విడిగా రాసి, ఇది మాట, ఇది అంకె అని పక్కనే చెప్పింది. మిగతావాళ్ళు అడిగినవీ అలాగే విడదీసింది. పెద్ద తెరలో వాటి పేర్లే మిగిలాయి. నేను కళ్ళజోడు తుడుచుకునేలోపు కంపైల్ అయిపోయింది.

యాత్రల పుస్తకాలు చాలా చదివాను. దారి తప్పినవాళ్ళు దాన్ని సంబరంగా రాసుకుంటారు. ఇంకొకరు చెయ్యి పట్టి నడిపించిన దారి గురించి రాసినవాళ్ళు తక్కువ.

మర్నాడు తెనాలి బస్టాండులో యాకోబు ఫోన్ పైకెత్తాడు. అది రేపల్లె అంది. ఎక్కి కూర్చున్నాడు. జాన్ బాబు బతిమాలాడని నేను చప్పుడు చేయకుండా వెనక సీట్లో చేరాను.

"ఏమోయ్, నీ దగ్గు నాకు తెలీదా? దిగు."

దిగాను. నా కళ్ళకూ పొర మొదలైందని డాక్టరు ఈమధ్యే చెప్పాడు. అయినా ఆ బస్సు వెళ్ళిపోతుంటే, నేనింకా చాలా తిరుగుతాననిపించింది. ఇంటికొచ్చి, "మీ నాన్న నన్ను దించేశాడమ్మా" అన్నాను. హెలెన్ రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.