సౌండ్ బంద్ పెట్టిన పాట

సూర్యాపేట కొత్త బస్టాండు ఎదురుగా ఆ ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. 'మన ఊరి ఆడబిడ్డ అనురాధ పాటలు నంబర్ వన్' అని పసుపు అక్షరాలు, పక్కన శాలువా కప్పుకున్న ఆమె ఫొటో. నంబర్ వన్ కాదు కదా, ఆ పాటల ఆల్బమ్ ఇప్పుడు ఏ జాబితాలోనూ లేదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా అనురాధ అక్కడ కొంగు నెత్తి మీదికి లాక్కుని గబగబా ఆటో ఎక్కేస్తుంది. చూసినవాళ్లు ఎండకనుకుంటారు. ఎండ కాదు, సిగ్గు. కోదాడ బడిలో ఆమె సంగీతం చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. ఆమె నోటివెంటే విన్నాను కాబట్టి నాకు తెలుసు.

అనురాధది మొదటినుంచీ మెత్తటి గొంతు. సూర్యాపేటలో వాళ్ల నాన్నకు ధాన్యం దుకాణం. చిన్నప్పుడు భజనలో నలుగురితో కలిసి పాడితే ఆమె పాట ఆమెకే వినపడేది కాదట. "గొంతుల దూది పెట్టుకున్నవా?" అని చుట్టాలు ఆటపట్టించేవాళ్లు. మిర్యాలగూడలో రైసుమిల్లు వాళ్లింటికి కోడలిగా వెళ్లాక కూడా పాట మానలేదు. ఆమె వంటింట్లో కూనిరాగం తీస్తుంటే మామగారు రామచంద్రయ్య టీవీ సౌండు తగ్గించేవాడు. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన మొదటి శ్రోత ఆయనే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆయన్ని తిట్టబుద్ధయినప్పుడు పనికొస్తుంది.

కోదాడలో చర్చి పాటలు రికార్డు చేసే డేవిడ్, బడి వార్షికోత్సవంలో ఆమె పాట విన్నాడు. "మేడమ్, మీరు గట్టిగా పాడక్కర్లేదండి. మైకు దగ్గర పెట్టుకుని మాట్లాడినట్టు పాడండి, చాలు," అన్నాడు. అలా తయారైంది 'సన్నజల్లు' ఆల్బమ్. గిటారు, కీబోర్డు, నడుమ అనురాధ గొంతు. ఓ పాటల యాప్‌లో పెట్టారు. మొదట్లో విన్నది మేం టీచర్లమే. నేను రెండు పాటలు విని మూడోదానికి నిద్రపోయాను. బాగుండడం వల్లే అనుకోండి.

తర్వాత ఏం జరిగిందో ఏమో, ఏది ఎక్కువసార్లు నడిచిందో చూసి ఆ యాప్ వారంవారం ఇచ్చే తెలుగు ఆల్బమ్‌ల వరసలో 'సన్నజల్లు' పైకి పాకడం మొదలైంది. ఒక సోమవారం డేవిడ్ ఫోన్ చేశాడు. "మేడమ్, నంబర్ వన్నండి! సినిమా పాటలకంటే పైనున్నామండి!" స్టాఫ్‌రూమ్‌లో అనురాధ ఏడ్చేసింది. సూర్యాపేటలో వాళ్ల సంఘంవాళ్లు సన్మానం పెట్టారు. శాలువా కప్పాక ఆమె మైకు ముందుకొచ్చి, "నా గొంతు చిన్నది. మీరే దగ్గరికొచ్చి విన్నారు," అంది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

మర్నాడు మిర్యాలగూడలో మామగారి మిల్లు పనివాళ్లకు మిఠాయి పంచడానికి వెళ్లింది. ఆ మిల్లులో ఒక పద్ధతి ఉంది. బెల్టుల దగ్గర ఫోన్ చూసుకుంటూ ఒకడు చెయ్యి పోగొట్టుకోబోయినప్పటినుంచి, పనిలోకి దిగేముందు అందరూ ఫోన్లు గేటు గదిలో పెట్టి వెళ్లాలి. మిఠాయి డబ్బాలు దించడానికి అనురాధ ఆ గదిలోకి అడుగుపెట్టింది. బల్ల మీద వరసగా ఫోన్లు. అన్ని తెరల మీదా ఆమె ముఖమే. అన్నిట్లోనూ 'సన్నజల్లు' నడుస్తోంది. గదిలో మాత్రం చప్పుడే లేదు.

గేటు కాపలా శంకరయ్య గర్వంగా చెప్పాడు. "పెద్దసేటు చెప్పిండమ్మా. ఫోన్ ఈడ పెట్టేటప్పుడే మీ పాట పెట్టాలె, సౌండ్ బంద్ చెయ్యాలె. తెలిసిన మిల్లులన్నిట్ల గిట్లనే నడుస్తంది."

అక్కడినుంచే మామగారికి ఫోన్ చేసింది. "మామయ్యా, ఇది మోసం కాదా?"

"మోసమేందమ్మా? వడ్ల రాశి పెద్దగ కనబడితేనే బేరగాళ్లు ఆగుతరు. ముందుగాల ఆగనీ, తర్వాత నీ పాట వాళ్లే ఇంటరు."

ఆయన గొంతులో ఉన్నది ప్రేమే. అందుకే ఆమె ఫోన్ పెట్టేసింది. నిన్న మైకు ముందు తానన్న మాట గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ వినలేదు, తను మాత్రం చప్పట్లు కొట్టించుకుంది.

ఇంతలో అన్నాల వేళకు మిల్లు ఆగింది. తవుడు ఊడ్చే మోతీబాయి ఒంటి మీది దుమ్ము దులుపుకుంటూ వచ్చింది.

"చిన్న సేటమ్మా, నా ఫోన్ల రోజంత మీ పాటే నడుస్తదంట. నేను ఒక్కపారి గూడ ఇనలే. ఎట్లుంటది?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అనురాధకు పారిపోవాలనిపించింది. పోలేదు. బస్తా మీద కూర్చుని పాడింది. చిన్నప్పటి భజనలోకంటే చిన్నగా వచ్చింది గొంతు. మోతీబాయి నిలబడే వింది. మధ్యమధ్య ఆమె చూపు బల్ల వైపు పోతోంది.

"మంచిగుందమ్మా," అంది పాట అయ్యాక. కాస్త ఆగి, బతిమాలుతున్నట్టు అడిగింది. "ఇగ నా ఫోన్ తీస్కోవచ్చా? బిడ్డ కాన్పుకని దవాఖానల ఉంది. మాపటికల్ల మీ పాటకే చార్జింగ్ ఖతమైతున్నది. బిడ్డ ఫోన్ చేస్తే కలుస్తలేదంట."

సొంత ఫోన్ తీసుకోవడానికి మోతీబాయి తనను అడుగుతోంది. అనురాధ వెతికి ఇచ్చింది. ఫోన్ వేడిగా ఉంది. రోజూ పెట్టేది శంకరయ్యే, పాట ఎలా ఆపాలో మోతీబాయికి తెలియలేదు. అనురాధే ఆపింది. తర్వాత బల్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటే ఆపింది.